ఆ గ్రూపును ఎంచుకుంది ఎవరు?

ఇంటర్ పూర్తి చేసిన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రుల కోసం తిరుపతిలో జరిగిన సభలో ఒక విశ్రాంత ఎకనామిక్స్ లెక్చరర్ చేసిన ప్రసంగం ఇది. ఆ సాయంత్రం రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసి పెడుతున్నాం. మాటల తడబాట్లు మాత్రమే తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకొని నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండి, రండి. మొహమాటం వద్దు.

పిల్లలతో తర్వాత మాట్లాడతాను. ముందు పెద్దవాళ్లకి ఒక ప్రశ్న. మీరు ఇంటర్‌లో తీసుకున్న గ్రూపు, డిగ్రీలో చదివిన సబ్జెక్టు, మీకు మీరుగా ఎంచుకున్నదేనా? మీకు మీరుగా. అవును అన్నవాళ్లు చెయ్యెత్తండి. ఒకటి, రెండు... ఆ కిటికీ దగ్గర అమ్మ, మూడు. అక్కడ ఒకాయన ఎత్తారు, ఆలోచించారు, మళ్లీ దించారు. ఇంత మందిలో మూడు చేతులు. నా చెయ్యి కూడా కిందే ఉంది, గమనించారా?

మాది పుత్తూరు దగ్గర పల్లె. 1977లో టెన్త్ పాసయ్యాను. నాకు లెక్కలంటే ప్రాణం. మా అయ్యవారు బోర్డు మీద లెక్క రాసి ఇటు తిరిగేలోపల జవాబు చెప్పేసేదాన్ని. ఇంటర్‌లో ఎం.పి.సి. తప్ప ఇంకోటి నా బుర్రలో లేదు. తీరా చూస్తే మా ఊరికి దగ్గర్లో ఆడపిల్లలు చదువుకునే కాలేజీలో ఎం.పి.సి. లేదు. సి.ఇ.సి. ఉంది, హెచ్.ఇ.సి. ఉంది. ఎం.పి.సి. కావాలంటే తిరుపతికి రావాలి. పొద్దున రావడానికి బస్సుంది. సాయంత్రం ల్యాబు అయ్యేసరికి అయిదు. అయిదున్నర బస్సు తప్పిందంటే ఏడున్నర దాకా లేదు. దిగాక రోడ్డు మీద నుంచి ఊళ్లోకి కిలోమీటరున్నర చీకట్లో నడవాలి. మా నాయన నన్ను చదివించకూడదు అనుకున్న మనిషి కాదు. మూడు రోజులు ఆ బస్సుల లెక్కే వేశాడు. నన్ను ఎదురురావడానికి రోజూ లాంతరు పట్టుకొని ఎవరు రావాలి, తను చేలో నీళ్లు కట్టే రోజు ఎవరు రావాలి అని. నాలుగో రోజు పొద్దున, నా మొహం చూడకుండా, "సి.ఇ.సి.లో చేరిపో తల్లీ" అన్నాడు.

అట్లా నేను ఎకనామిక్స్ మేడం అయ్యాను. ఎస్వీ యూనివర్సిటీలో ఎం.ఏ. చేశాను, 33 ఏళ్లు పాఠం చెప్పాను, ఆ సబ్జెక్టును ప్రేమించాను. బాధపడుతూ చెప్పడం లేదు. కానీ నిజం నిజమే. ఎకనామిక్స్‌ను నేను ఎంచుకోలేదు. ఆ అయిదున్నర బస్సు ఎంచుకుంది.

అందుకే ఫలానా కోర్సుకి పిల్లలు ఎగబడుతున్నారు, ఫలానా కోర్సు ఖాళీగా ఉంది అని ఎవరైనా అంటే, ఈ కాలం పిల్లలకి ఆసక్తి లేదు అన్న మాట నా నోటికి రాదు. ఆసక్తి దాకా ఎక్కడ రానిచ్చాం? ఆ పిల్ల ముందు ఎన్ని తలుపులు తెరిచి ఉన్నాయో మొదట చూడాలి కదా.

ఇప్పుడు బస్సులున్నాయి. కాలేజీలున్నాయి. లాంతరు అక్కర్లేదు. అయినా ఎంచుకునేది పిల్లలేనా? ఒక రోజు జరిగింది చెప్తాను.

2023లో మన రాష్ట్రంలో డిగ్రీకి కొత్త పద్ధతి వచ్చింది, మీకు తెలుసు. అంతకుముందు బి.ఎస్సీ. అంటే మూడు సబ్జెక్టులు సమానంగా ఉండేవి. ఎం.పి.సి., బి.జడ్.సి., ఆర్ట్స్‌లో అయితే హెచ్.ఇ.పి. మూడేళ్లు మూడూ చదివి, ఏది మనసుకి పట్టిందో చూసుకొని, పీజీలో ఒకటి పట్టుకునేవాళ్లు. 2023-24లో అది ఒకే మేజర్ అయింది. ప్రధానంగా చదివేది ఒకటి మేజర్, తోడుగా చదివేది ఒకటి మైనర్. పద్ధతి మంచిదా చెడ్డదా అనే చర్చకి నేను రాలేదు. ఒక్క సంగతి గమనించండి. ఇరవై ఏళ్లకి తీసుకునే నిర్ణయం పదిహేడేళ్లకి వచ్చేసింది. మూడు రుచులు చూసి ఒకటి పట్టుకోవడం పోయి, చూడకముందే ఒకటి పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ మొదటి ఏడాది అడ్మిషన్లప్పుడు నేను మా కాలేజీ హెల్ప్ డెస్కులో కూర్చున్నాను. దామలచెరువు వైపు నుంచి ఒక రైతు, ఆయన కూతురు వచ్చారు. ఆయన సర్టిఫికెట్లన్నీ ఎరువుల కొట్టు వాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవర్లో పెట్టుకొని, తడుస్తుందేమోనని చొక్కా లోపల పెట్టుకున్నాడు. అమ్మాయి ఇంటర్ ఎం.పి.సి. మంచి మార్కులు. మా దగ్గర సర్వర్ రావడం లేదని వీధి చివర నెట్ సెంటరుకి నేనే తీసుకెళ్లాను. అక్కడ క్యూ. నిలబడి ఉన్నంతసేపూ ఆ పిల్లతో మాట్లాడాను. నీకేది ఇష్టమమ్మా అంటే సిగ్గుపడింది. కాసేపటికి తనే చెప్పింది. వాళ్ల కాలేజీలో ల్యాబు ఏడాదికి నాలుగైదు సార్లే తెరిచారట. ఆ నాలుగైదు సార్లలో ఒకసారి టైట్రేషన్ చేయించారు, అంటే ఒక ద్రావణంలో ఆమ్లమో క్షారమో ఎంతుందో కొలిచే ప్రయోగం. బ్యూరెట్ అనే కొళాయి ఉన్న గాజు గొట్టం నుంచి ఒక్కో చుక్క వదులుతూ ఉండాలి. ఫ్లాస్కులో ఏమీ మారదు, ఏమీ మారదు, ఏమీ మారదు. ఒక్క చుక్క పడుతుంది, మొత్తం గులాబీ రంగు. "ఆ ఒక్క చుక్క దగ్గర ఆపాలి మేడం, నాకు మూడు సార్లూ కరెక్టుగా వచ్చింది" అంది. చెప్తున్నప్పుడు దాని వేళ్లు బ్యూరెట్ తిప్పుతున్నట్టే తిరుగుతున్నాయి. ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది.

వాళ్ల వంతు వచ్చింది. సెంటరు అబ్బాయి కంప్యూటర్ మీద నుంచి తల ఎత్తకుండా, "ఫస్ట్ ఆప్షన్ ఏం పెట్టమంటారు?" అన్నాడు. నాయన కూతురి వైపు చూశాడు. కూతురు నాయన వైపు చూసింది. ఆయన ఆ అబ్బాయినే అడిగాడు. "మీరే చెప్పండి సార్. అందురూ ఏం పెడతా ఉండారు?" ఆ అబ్బాయి, "కంప్యూటర్సే సార్, పొద్దుట్నుంచీ అదే" అన్నాడు. "అయితే అదే పెట్టండి." అయిపోయింది. ఒక మనిషి జీవితంలో ఇంత పెద్ద నిర్ణయం ఒక నిమిషం కూడా పట్టలేదు.

ఆ సెంటరు అబ్బాయి చెడ్డవాడు కాదు. వెనక పద్నాలుగు మంది నిలబడి ఉన్నారు. అడిగిందానికి ఉన్నది చెప్పాడు. ఆ రైతూ చెడ్డవాడు కాదు. నేను? నేను పక్కనే నిలబడి ఉన్నాను. అప్పుడే ఆ పిల్ల నాతో చుక్క సంగతి చెప్పింది. నేను నోరు తెరవలేదు. క్యూ ఉంది, వాళ్లింటి సంగతి నాకెందుకు, రేపు ఉద్యోగం రాకపోతే నన్ను అంటారు, ఇవన్నీ అనుకున్నాను. ఈ రోజు ఇక్కడికి వచ్చి మాట్లాడుతున్నానంటే ఆ మౌనం నన్ను ఇంకా వదల్లేదు కాబట్టి.

ఆ తర్వాత ఏడాది, నేను రిటైర్ అవడానికి ముందు, వరండాలో కనిపించింది. చదువు బాగానే సాగుతోంది. "మైనర్‌గా కెమిస్ట్రీ తీసుకోవాల్సిందమ్మా" అన్నాను. "అడిగినాను మేడం, టైంటేబుల్ కుదరదన్నారు" అంది. అది మా కాలేజీయే. టైంటేబుల్ వేసేది మేమే.

ఇందులో ఇంకో సంగతి ఉంది, అది తర్వాత తెలిసి నాకు మనసు చివుక్కుమంది. ఆ రైతుది మామిడి తోట. తోతాపురి. ఏటా కాయ కోసి, ట్రాక్టర్లో వేసుకొని, చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు రాత్రంతా పడిగాపులు పడే మనిషి. ఇక్కడున్న వాళ్లలో చాలా మందికి ఆ గేటు తెలుసు. ఆ గేటు లోపల ఒక ల్యాబు ఉంటుంది. గుజ్జులో తీపి ఎంతుంది, పులుపు ఎంతుంది అని చూస్తారు. పులుపు ఎట్లా కొలుస్తారో తెలుసా? బ్యూరెట్‌తో. ఒక్కో చుక్క వదులుతూ, గులాబీ రంగు వచ్చేదాకా. అదే టైట్రేషన్! ఆ పిల్లకి ఇష్టమైన పని, వాళ్ల నాయన ట్రాక్టరు నిలబెట్టుకునే చోటికి వంద గజాల దూరంలో జరుగుతోంది. ఆయనకి తెలియదు, పిల్లకి తెలియదు, కెమిస్ట్రీ చెప్పిన సారు ఆ ముక్క పాఠంలో చెప్పలేదు. తెలిసి ఉంటే కెమిస్ట్రీ పెట్టేవాళ్లా? ఏమో. కనీసం "అందురూ ఏం పెడతా ఉండారు" అని అడిగేముందు ఒక క్షణం ఆగేవాళ్లు.

సరే. మన ఊళ్లో మనం ఇట్లా ఉన్నాం, బయట చదువుకున్న దేశాల్లో పిల్లలు బాగా ఆలోచించి ఎంచుకుంటారు అనుకుంటున్నారా? కొన్ని పరిశోధనలు చెప్తాను, వినండి. పిల్లలూ, మీరు కూడా వినండి, ఇవి మీ వయసు వాళ్ల మీద చేసినవే.

అమెరికాలో వెస్ట్ పాయింట్ అని మిలిటరీ అకాడెమీ ఉంది. అక్కడ ఎవరికి ఏ క్లాసు ఏ టైముకో పిల్లల ఇష్టం కాదు, వాళ్లే వేసేస్తారు. ఒకే సబ్జెక్టు, కొందరికి ఉదయం 7:30కి పడింది, కొందరికి తర్వాత పడింది. తెల్లవారుజామున లేచి, అలిసిపోయి, నిద్రమొహంతో 7:30 క్లాసులో కూర్చున్న పిల్లలు ఆ సబ్జెక్టును మేజర్‌గా తీసుకునే అవకాశం సుమారు 10 శాతం తగ్గింది. చూశారా? ఆవలింత వచ్చింది నిద్ర లేక. సబ్జెక్టు మీద విసుగు అనుకున్నారు. మన జూనియర్ కాలేజీల్లో స్టడీ అవర్ ఎన్నింటికి మొదలవుతుంది? అయిదుకా, అయిదున్నరకా? ఆ వేళకి ఏ సబ్జెక్టు పెడతారు? మీ పిల్ల "నాకు ఫిజిక్స్ పడదు" అంటే, ఫిజిక్స్ పడలేదా, ఆ వేళ పడలేదా? అడిగారా ఎప్పుడైనా?

ఇంకోటి. అదే దేశంలో ఎయిర్ ఫోర్స్ అకాడెమీ. అక్కడ కూడా ఎవరి క్లాసులో పడతామో పిల్లల చేతిలో ఉండదు. మొదటి ఏడాది లెక్కలు, సైన్సు చెప్పింది ఆడ ప్రొఫెసర్ అయితే, లెక్కల్లో గట్టిగా ఉన్న అమ్మాయిలు సైన్సు, ఇంజినీరింగు వైపు పోవడం బాగా పెరిగింది. అబ్బాయిల్లో పెద్ద తేడా లేదు. నేను ఇది చదివిన రోజు మా పుత్తూరు గుర్తొచ్చింది. లెక్కలు చెప్పే ఆడ మనిషిని నేను యూనివర్సిటీకి వచ్చేదాకా కళ్లతో చూడలేదు. అంతకుముందు నాకు లెక్కలు వచ్చు అని తెలుసు. లెక్కల మేడం అని ఒకరు ఉంటారని తెలియదు.

అన్నదమ్ముల మీద కూడా చూశారు. చిలీ, క్రొయేషియా, స్వీడన్, అమెరికా, నాలుగు దేశాల్లో. కటాఫ్ మార్కు మీద ఒక్క మార్కు తేడాతో సీటొచ్చిన పెద్దవాడు, అదే ఒక్క మార్కు తేడాతో సీటు పోయిన పెద్దవాడు, ఇద్దరి తమ్ముళ్లనీ పోల్చి చూశారు. అన్నకి సీటొచ్చిన ఇంట్లో తమ్ముడు కూడా ఆ కాలేజీకే ఎక్కువ మొగ్గాడు. మన దగ్గర దీనికి పరిశోధన కావాలా? "అన్న పుస్తకాలు ఉండాయి కదా, నువ్వూ అదే తీసుకో." ఈ మాట వినని ఇల్లుందా మన జిల్లాల్లో?

జీతం సంగతికి వస్తాను, పెద్దవాళ్లందరూ దానికోసమే ఎదురు చూస్తున్నారు. న్యూయార్క్ యూనివర్సిటీ పిల్లలని విస్వాల్, జాఫర్ అనే ఇద్దరు ఎకనామిస్టులు అడిగారు. ఏ మేజర్ చదివితే సగటున ఎంత సంపాదిస్తారు? పిల్లలు చెప్పిన అంకెలు అసలు అంకెలకి చాలా దూరంగా ఉన్నాయి. తర్వాత అసలు అంకెలు చూపిస్తే తమ అంచనాలు మార్చుకున్నారు. 2015లో అచ్చయింది ఆ పేపరు. జీతం లెక్కలోకి వస్తుంది, కాదనలేదు. కానీ చివరికి మేజర్‌ను తేల్చేది ఎక్కువగా ఆ సబ్జెక్టు మీద ఉన్న మక్కువే అని తేలింది. నేనిక్కడ ఒకటి కలుపుతాను. మక్కువ అనేది కడుపులోంచి ఊడిపడదు. చూసినదాని మీద పుడుతుంది. రుచి చూడని పండు మీద మోజు ఎక్కడిది?

ఇప్పుడు మన ఊరి లెక్కకి వద్దాం. నా సబ్జెక్టులో దీన్ని సాలెగూడు సిద్ధాంతం అంటారు. మీకు సాలెగూడు వద్దు, టమోటా చాలు. మదనపల్లె మార్కెట్ అందరికీ తెలుసు. 2023 జూలైలో ఏమైంది? కిలో వంద దాటింది. టమోటా పెట్టిన రైతుని ఊరంతా చూసింది. చూసి ఏం చేశారు? అందరూ నారు పోశారు. నాటిన 70 రోజులకి కాయ. అందరి కాయా ఒకేసారి మార్కెట్‌కి వచ్చింది. సెప్టెంబరు కల్లా ధర నేలకి దిగింది, కోత కూలి రాక పారబోసుకున్నారు. పారబోసిన రైతులు తర్వాత ఏం చేశారు? టమోటా మానుకున్నారు. మానుకుంటే కాయ తగ్గింది. తగ్గితే ధర మళ్లీ ఎక్కింది. ఏ ఒక్క రైతూ తెలివి తక్కువవాడు కాదు. ప్రతి ఒక్కడూ ఈ రోజు ధర చూసి రేపటి పంట వేశాడు, అంతే.

చదువులో కూడా ఇదే జరుగుతుందని 1976లో రిచర్డ్ ఫ్రీమన్ అనే ఆయన అమెరికా ఇంజినీర్ల లెక్కలు పెట్టి చూపించారు. ఇంజినీర్ల జీతాలు పెరిగిన ఏడు పిల్లలు ఎగబడి చేరారు. నాలుగేళ్లకి అందరూ ఒకేసారి బయటికొచ్చారు. జీతాలు తగ్గాయి. తగ్గేసరికి చేరేవాళ్లు తగ్గారు. మళ్లీ నాలుగేళ్లకి ఇంజినీర్లు దొరకలేదు. టమోటాకీ బి.టెక్.కీ ఒక్కటే తేడా. టమోటా 70 రోజులు. ధర తప్పితే వచ్చే కారుకి ఇంకోటి వేసుకోవచ్చు. బి.టెక్. నాలుగేళ్లు, అది మామిడి మొక్క నాటినట్టు. కాపుకొచ్చేసరికి మార్కెట్ ఎట్లుంటుందో నాటిన రోజు ఎవడూ చెప్పలేడు. నేను చెప్పలేను. కాలేజీ బ్రోచరు చెప్పలేదు.

మరి మనం చేస్తున్నదేమిటి? ఈ ఏడు కౌన్సెలింగ్‌లో ఏ బ్రాంచి ముందు నిండిందో చూసి, అదే రాస్తున్నాం. సి.ఎస్.ఇ., దాని పక్కన ఏఐ, దాని పక్కన డేటా సైన్స్. బ్రాంచికి ఇన్ని సీట్లే అన్న గరిష్ఠ పరిమితి కూడా 2024-25 నుంచి, అర్హత ఉన్న కాలేజీలకి, సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఎత్తేసింది. నారు ఎంత పోసుకుంటే అంత. సివిల్, మెకానికల్ క్లాసుల్లో బెంచీలు ఖాళీ. కంప్యూటర్ సైన్సు చెడ్డదని నేను అనడం లేదు, ఎవరూ అట్లా రాసుకోకండి. ప్రోగ్రాం రాస్తుంటే అన్నం మర్చిపోయే పిల్లలు ఉన్నారు, నాకు తెలుసు, వాళ్లు అదే చదవాలి. నేను అడుగుతున్నది ఒకటే. మీరు పిల్లని చూసి నాటుతున్నారా, ఈ రోజు ధర చూసి నాటుతున్నారా?

ఒక మాట న్యాయంగా చెప్పాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాకముందు మా నాయన లాంటి రైతు ఇంజినీరింగు కాలేజీ గేటు దాకా వెళ్లే ధైర్యం చేసేవాడు కాదు. వచ్చాక, బి.ఎస్సీ.కైనా బి.టెక్.కైనా ఇంట్లోంచి పెట్టాల్సిన డబ్బులో తేడా చాలా తగ్గిపోయింది. తేడా లేనప్పుడు ఎవరైనా ఏది తీసుకుంటారు? పెద్ద పేరున్నదే తీసుకుంటారు. అది ఆశ కాదు, లెక్క. ఆ డబ్బు వల్ల మన పల్లెల నుంచి వెళ్లి నిలదొక్కుకున్న పిల్లలు ఎంతమందో. దాన్ని నేను ఒక్క మాట అనను. పెళ్లి సంబంధాలు కూడా ఉన్నాయి. "మావాడు బీటెక్" అన్న మాట ఇంటిపేరులాగా అయిపోయింది. అదీ మీకు తెలిసిందే, దాని గురించి ఎక్కువ చెప్పను.

అసలు కారణం వీటన్నిటి అడుగున ఉంది అంటాను నేను. నింద. అవును, నింద. అందరూ తీసుకున్నది తీసుకొని మన బిడ్డకి ఉద్యోగం రాలేదనుకోండి, "కాలం బాగలేదప్పా" అంటారు. ఎవరూ తీసుకోనిది తీసుకొని ఉద్యోగం రాలేదనుకోండి? "నీకెవరు చెప్పినారు ఆ కెమిస్ట్రీ?" ఈ ప్రశ్నకి భయపడతాం. రచ్చబండ దగ్గర, పెళ్లిలో పంక్తి భోజనం దగ్గర, ఈ ఒక్క ప్రశ్న వినకుండా ఉండటానికి బిడ్డ చదువుని ఇన్సూరెన్సు చేస్తాం. గుంపులో నష్టం వచ్చినా నింద రాదు. ఆ నెట్ సెంటరులో నా నోరు నొక్కింది కూడా అదే. నాది భయం, ఆ రైతుది భయం. ఆ పిల్లది? ఆ పిల్లకి భయం లేదు. దాన్ని ఎవరూ అడగలేదు.

మనకి చూపించడానికి ఏమీ లేకనా? ఏ ఊళ్లో కూర్చొని మాట్లాడుతున్నాం? 1954లో యూనివర్సిటీ వచ్చిన ఊరు ఇది. మరుసటి ఏడాదే పశువైద్య కళాశాల. 1983లో మహిళా యూనివర్సిటీ. 1993లో స్విమ్స్ ఆసుపత్రి. సంస్కృతానికి జాతీయ స్థాయి యూనివర్సిటీ. 2015లో ఐఐటీ, సైన్సు చదువుకీ పరిశోధనకీ పెట్టిన ఐసర్, రెండూ ఒకే ఏడు. 2022లో జిల్లా మారాక శ్రీహరికోట కూడా మన తిరుపతి జిల్లాలోకే వచ్చింది. రాకెట్ ఎగిరేది మన జిల్లా నేల మీద నుంచి! సరే, ఇక్కడ ఇంటర్ పిల్లలు ఎంతమంది ఉన్నారు? వీటిల్లో ఏ ఒక్కదాని ల్యాబు గడప లోపలికైనా వెళ్లి చూసినవాళ్లు చెయ్యెత్తండి. ఎత్తండమ్మా. ఒకరు. ఒక్కరు.

గాదంకి తెలుసు కదా? చిత్తూరు రోడ్డు మీద. మనవాళ్లకి గాదంకి అంటే టోల్‌గేటు. ఒకసారి మా సైన్సు డిపార్టుమెంటు వాళ్లు అనుమతి తీసుకొని పిల్లల్ని అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలకి తీసుకెళ్లారు. ఆడపిల్లలు ఉన్నారు, లేడీ లెక్చరర్ తోడు కావాలి అని నన్ను కూడా పంపారు. నేను ఎకనామిక్స్ మనిషిని, నాకేం అర్థమవుతుంది అనుకుంటూనే వెళ్లాను. చుట్టూ కొండలు, మధ్యలో మైదానం, మైదానం నిండా కమ్ముల్లాంటి యాంటెన్నాలు. 32 వరసలు, వరసకి 32. మొత్తం 1024. పిల్లలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అవి ఆకాశంలోకి రేడియో తరంగాలు పంపిస్తాయి. పైన గాలి కదలికలకి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని పట్టుకొని, ఏ ఎత్తులో గాలి ఏ దిక్కుకి ఎంత వేగంగా పోతోందో చెప్తారు. కంటికి కనపడని గాలిని నేల మీద కూర్చొని చూడటం అన్నమాట. నాకే ఒళ్లు పులకరించింది.

మా బస్సులో పాకాల నుంచి రోజూ కాలేజీకి వచ్చే అబ్బాయి ఒకడున్నాడు. వాడు కంచె దగ్గర నిలబడి రోడ్డు వైపు చూస్తూ అన్నాడు, "రోజూ ఈ రోడ్డు మీదనే పోతా ఉండాను మేడం. ఇది ఉందని ఎవురూ చెప్పలేదు." వాడు తర్వాత ఎస్వీయూలో ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చేశాడు. ఆ ఒక్క రోజు వల్లే అని నేను చెప్పను. చెప్పలేను. కానీ ఆ మాట అన్నప్పుడు వాడి గొంతులో కోపం ఉంది. ఇన్నాళ్లు దాచిపెట్టారు అన్నట్టు. ఆ కోపం న్యాయమైందని నాకనిపించింది.

ఇప్పుడు పిల్లలు. మీరు ముందుకి జరగండి, నాకు మీ మొహాలు కనపడాలి. ఇంకో రెండు వారాల్లో మీ చేతికి ఆప్షన్ల పేజీ వస్తుంది. దానికంటే ముందు ఒక పని చెయ్యండి. మీరు పెట్టాలనుకున్న మేజర్ పాఠ్యపుస్తకం, ఎవరైనా సీనియర్ దగ్గర అడిగి తెచ్చుకోండి. మొదటి చాప్టర్ చదవొద్దు, అన్ని పుస్తకాల్లోనూ మొదటి చాప్టర్ బాగానే ఉంటుంది. నాలుగోది తీయండి. అర్థం కాకపోయినా ఫరవాలేదు, అర్థం చేసుకోవాలనిపిస్తోందా? పేజీ తిప్పాలనిపిస్తోందా? మూడేళ్లు నాలుగేళ్లు మీరు బతకాల్సింది ఆ నాలుగో చాప్టర్లోనే. ఉద్యోగం పేరులో కాదు. ఇంకా, వీలైతే ఆ డిపార్టుమెంటుకి వెళ్లి ఒక క్లాసులో వెనక బెంచీలో కూర్చుంటాను సార్ అని అడగండి. కాదనేవాళ్లు తక్కువ. నా 33 ఏళ్లలో అట్లా అడిగిన పిల్లలు ఇద్దరే ఇద్దరు. ఇద్దర్నీ కూర్చోబెట్టాను. ఒకమ్మాయి గంట తర్వాత, "మేడం, నాకిది వద్దు" అని దండం పెట్టి వెళ్లిపోయింది. ఎంత సంతోషించానో. మూడేళ్లు పోగొట్టుకోకుండా గంటలో తేల్చుకుంది.

మొదలుపెట్టే ముందు ఒక నాన్నగారు వచ్చి నన్నడిగారు, "మా పాపకి ఏం పెట్టించమంటారు మేడం?" అని. పేరు చెప్పను, ఇక్కడే ఉన్నారు. అయ్యా, మీ పాపని నేను ఇంకా చూడనే లేదు. దాని చేతులు దేని గురించి చెప్తున్నప్పుడు కదులుతాయో నాకు తెలియదు. మీకు తెలుసా?

ఇంకో గంట నేను ఇక్కడే కూర్చుంటాను. కుర్చీ ఒకటి ఇటు వెయ్యండి నాయనా, ఇంకోటి ఎదురుగా. పిల్లలు ఒక్కొక్కరే రండి. అమ్మానాన్నలు పక్కన కూర్చోవచ్చు, కానీ జవాబులు పిల్లలే చెప్పాలి. దూరం ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలు ఎవరున్నారు? ఆఖరి బస్సు ఎన్నింటికమ్మా నీకు? ఎనిమిదింపావుకా? అయితే నువ్వు ముందు రా.